పెరడా, డాబానా, కొండా? ఒడిశా సరిహద్దు ఊళ్ళలో చుక్కలు చూడ్డానికి ఎక్కడి గాలి మంచిది

"మా ఊళ్ళో వీధిదీపాలు మూడే బావా. రా, చుక్కలు గంపకెత్తుకోవచ్చు" అని మా బావమరిది ఏటా అంటుంటాడు. వాళ్ళది కాశీనగర్ దగ్గర, వంశధార ఒడ్డున పల్లె. నేనుండేది పర్లాకిమిడిలో, దుకాణాల లైట్ల మధ్య. ఒక సంక్రాంతికి అతని మాట నమ్మి టెలిస్కోపుని బండి వెనక కట్టుకుని వెళ్ళాను. భోగి మర్నాడు రాత్రి పెరట్లో స్టాండు వేశాను. నెత్తిమీద కృత్తికలు బాగానే ఉన్నాయి. చూపు కాస్త కిందికి దించితే నాలుగు వైపులా బూడిదరంగు గోడ. పదిన్నర దాటాక దక్షిణాన అగస్త్యుడు కనిపించాడు. సూర్యుణ్ణి మినహాయిస్తే ఆకాశంలోని చుక్కలన్నిట్లో రెండో పెద్ద వెలుగు దానిది. ఆ రాత్రి మాత్రం ఆరిపోబోయే బీడీలా ఎర్రగా, మసగ్గా ఉంది. పండగ అయిపోయి ఇంటికొచ్చాక మా డాబా మీద నుంచి చూస్తే అదే అగస్త్యుడు తెల్లగా మెరుస్తున్నాడు.

చుక్కలకి చీకటి కావాలని అందరికీ తెలుసు. గాలి కూడా కావాలన్నది ఆ రాత్రి నాకు తెలిసింది. పల్లెలో చీకటి ఖాయం, గాలి మాత్రం ఏ రోజుకారోజే. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో మనవాళ్ళు చాలామంది నన్ను అడిగేది "ఏ టెలిస్కోపు కొనమంటావు" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఎక్కడ నిలబడి చూస్తారు, ఏ నెలలో చూస్తారు అన్నది ముందు తేలాలి.

శుభ్రత వేరు, నిలకడ వేరు

గాలి శుభ్రంగా ఉండటం ఒక సంగతి, కదలకుండా ఉండటం ఇంకో సంగతి. దుమ్ము, పొగ, తేమ లేకపోతే గాలి శుభ్రంగా ఉన్నట్టు. అప్పుడు పాలపుంత, ఆండ్రోమెడా గెలాక్సీ, నెబ్యులాల (చుక్కల మధ్య వాయువు, దుమ్ము మేఘాలు) లాంటి మసక వస్తువులు బయటపడతాయి. నిలకడ అంటే వేడిగాలీ చల్లగాలీ కలిసి సుళ్ళు తిరగకపోవడం. చుక్క తెగ మినుకుమినుకుమంటోందంటే పైన గాలి కలబడుతోందని అర్థం. పాటల్లో అది అందంగానే ఉంటుంది గానీ, టెలిస్కోపులో గురుగ్రహం నీళ్ళ అడుగున రూపాయి బిళ్ళలా వణుకుతుంది.

ఈ రెండూ ఒకే రాత్రి కలిసి రావడం అరుదు. వాన కడిగిన ఆకాశం అద్దంలా ఉన్న రోజున గాలి తరచు ఊగుతుంటుంది. ఉక్కపోతగా, ఆకు కదలకుండా, ఆకాశం పలచని మజ్జిగలా ఉన్న రాత్రి శనివలయాలు గీసినట్టు కనిపిస్తాయి. అందుకే మసక ఉందని టెలిస్కోపు మూసేసి పడుకోవద్దు. ఆ రాత్రి చంద్రుణ్ణో గ్రహాన్నో చూడండి. పాలపుంత కోసం తెచ్చుకున్న ఆశ మాత్రం ఇంకో రోజుకి దాచుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. నెత్తిమీది చుక్కను మనం గాలి పొర ఒక్కదాని మందంలోంచి చూస్తాం. ముప్ఫై డిగ్రీల ఎత్తులో ఉన్నదాన్ని రెండు పొరల్లోంచి, పదకొండు డిగ్రీల ఎత్తులో ఉన్నదాన్ని దాదాపు అయిదు పొరల్లోంచి. మన ఊళ్ళు ఇంచుమించు 19 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి త్రిశంకువు, అదే సదరన్ క్రాస్, దాని నడిభాగం మనకి ఎప్పుడూ పదకొండు డిగ్రీల ఎత్తుకు మించి రాదు. మసక రోజుల్లో ఒక్కో పొర అర మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగుని కొలిచే మెట్టు) వెలుగు తినేస్తే అయిదు పొరలకు రెండున్నర పోతుంది. అంటే చుక్క వెలుగులో పదోవంతే మన కంటికి చేరుతుంది. ఢిల్లీ వాళ్ళకి సరిగా దొరకని దక్షిణాకాశం మనకి దొరుకుతుంది, కాకపోతే గాలి ఎంత పన్ను కోస్తే అంత పోగా మిగిలిందే.

పెరడా, డాబానా

ఆ సంక్రాంతి రాత్రి పెరట్లో ఏం జరిగిందో తర్వాత కూర్చుని ఆలోచించాను. మొదట మంచు అనుకున్నాను. ముక్కు చెప్పింది, మంచు కాదని. పక్కింటి పశువులశాలలో ఊక మీద వేపాకు వేసి పొగ పెట్టారు. గోడ మీంచి అడిగితే ఆ ఇంటి ముసలాయన "దోమలకి పొగెట్టినాం బావూ, ఆవులు నిలబడ్నేవు" అన్నాడు. టార్చి వేసి చూశాను. ఆ పొగ పైకి లేవడమే లేదు. మోకాలి ఎత్తున బయల్దేరి, గోడ దాటి, పాదులోని ఆనపకాయల మీదుగా, దుప్పటి పరిచినట్టు బల్లపరుపుగా మా వైపు వస్తోంది. నా నడుం దగ్గరికి వచ్చేసరికి ఆగి అక్కడే పరుచుకుంది.

దాని వెనక ఉన్న కారణం చిన్నదే. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నేలనంటిన గాలీ చల్లబడుతుంది. పైన దానికన్నా వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. కింది చల్లగాలి బరువైనది కాబట్టి పైకి లేవదు. కట్టెల పొయ్యి పొగ, శాల పొగ, కళ్ళంలో నూర్పిడి దుమ్ము, ఇటుకబట్టీ పొగ అన్నీ ఆ మూత కిందే ఉండిపోతాయి. కొండల మధ్య లోయల్లో ఇది రెట్టింపు. చీకటి పడ్డాక కొండవాలు మీది చల్లగాలి నీళ్ళలా కిందికి జారి పల్లంలో చేరుతుంది. ఏటి ఒడ్డు పల్లెలు ఆ పల్లంలోనే ఉంటాయి.

డాబా ఎక్కితే ఈ పొగలో సగానికి పైన ఉంటాం. నాలుగు వైపులా అడుగంచుదాకా ఆకాశం కనిపిస్తుంది. కానీ పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పది, పదకొండు దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ సెగ టెలిస్కోపు కిందనుంచే లేస్తుంది కాబట్టి గ్రహాలు వణుకుతాయి. పక్కింటి రేకుల కప్పు మీంచి చూశారంటే ఇంకా ఘోరం. అలాగని స్లాబు మీద నీళ్ళు చల్లితే చల్లబడుతుంది గానీ, ఆ ఆవిరంతా కొసకి అద్దం మీదికే చేరుతుంది. నేనది ఒక వేసవిలో చేసి చూసి మానేశాను.

పెరట్లో మట్టి, గడ్డి. సూర్యుడు దిగిన గంట, గంటన్నరకే నేల కుదుటపడుతుంది. పనసచెట్టూ కొబ్బరిచెట్లూ వీధిలైటుని అడ్డుకుంటాయి, చూసే ఆకాశాన్నీ సగం మింగేస్తాయి. నెత్తిమీద ఉన్న గ్రహాలకి, చంద్రుడికి పెరడే మేలు. కింది దక్షిణాకాశానికి డాబా మేలు. రెండూ ఉన్నవాళ్ళు పొయ్యిలు వెలిగే ఆరున్నర నుంచి తొమ్మిది దాకా డాబా మీద ఉండి, తర్వాత కిందికి దిగడం మంచిది. నేను ఇంట్లో చేసేది ఇదే.

రెండింటికన్నా నాకు నచ్చేది మూడోది. ఊరి చివర, కాస్త మిట్టమీద ఉన్న ఖాళీ కళ్ళం. ఇళ్ళ పొగకి దూరం, చుట్టూ పొలం, కింద గట్టినేల. నూర్పుల రోజులు మాత్రం కాకూడదు, ఆ దుమ్ము అద్దాల్లోకి దూరితే ఓ పట్టాన పోదు. ఏటి ఇసుకతిన్నెలు చూడ్డానికి ఊరిస్తాయి గానీ, మంచు మొదట దిగేది అక్కడే. చెప్పులేసుకోవడం, పాముల కోసం టార్చి పట్టుకోవడం మీకు వేరే చెప్పక్కర్లేదు. టార్చికి ఎర్రగుడ్డ చుడితే చీకటికి అలవాటుపడ్డ కళ్ళు చెదరవు.

కొండెక్కితే

గాలిలోని దుమ్మూ పొగా చాలామటుకు నేలనుంచి ఒకటి రెండు కిలోమీటర్ల లోపే ఉంటాయి. కొరాపుట్ పట్నం 870 మీటర్ల ఎత్తున ఉంది. దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు. అంటే కొండెక్కినవాడు ఆ మురికిలో మంచి భాగం కాళ్ళ కింద వదిలేసినట్టే. చలికాలం తెల్లవారుజామున దేవమాలి మీంచి చూస్తే మంచు కింద లోయలో పాలసముద్రంలా ఉండి, పైన చుక్కలు స్పష్టంగా ఉండటం మామూలే. కొరాపుట్ పీఠభూమి మీద ఊళ్ళల్లో మాత్రం అంత భరోసా లేదు. అక్కడ ఆ మంచు మీ ఇంటి గుమ్మంలోనే ఉంటుంది.

మా గజపతి జిల్లాలో మహేంద్రగిరి ఉంది, 1,501 మీటర్లు. సముద్రం దూరం కాదు కాబట్టి తడిగాలి కొండకి తగిలి పైకి లేచి, చల్లబడి, శిఖరం మీదే మేఘమై కూర్చుంటుంది. కింద నిర్మలంగా ఉన్న రాత్రి కూడా పైన ఏమీ కనిపించకపోవచ్చు. అడవి దారి, రాత్రి ప్రయాణం, అనుమతుల టెన్షన్ వేరే. ఏడాదికోసారి యాత్రలా వెళ్ళడానికి కొండ సరే. వారం వారం చూసేవాడికి ఇంటి డాబానే దిక్కు.

సముద్రపు ఒడ్డు సంగతి ఒక్క మాటలో చెబుతాను. గోపాలపూర్ వైపు వెళితే ఆగ్నేయంలో దీపాలు లేని నీళ్ళమీది చీకటి దొరుకుతుంది. బదులుగా ఉప్పుతేమ గాలిలోనూ ఉంటుంది, అద్దాల మీదా పేరుకుంటుంది. బైనాక్యులరైతే తీసుకెళ్ళండి, టెలిస్కోపు వద్దు.

ఏ నెల

ఎవరినడిగినా చలికాలమే అంటారు. రాత్రులు పొడవు, మబ్బులుండవు, మృగశిర నెత్తిమీద. నిజమే. కానీ డిసెంబరు, జనవరుల్లో మన పొగ ఒక్కటే కాదు, గంగా మైదానంలో పోగైన మసక కూడా ఉత్తరపు గాలితో తూర్పుతీరం వెంట బంగాళాఖాతం వైపు దిగివస్తుంది. దానికి మన మూత తోడు. చలికాలంలో నెత్తిమీది వస్తువులే నమ్మకం. కృత్తికలు మన నడినెత్తికి అయిదు డిగ్రీల దూరంలో వెళతాయి, మృగశిరలోని నెబ్యులా 65 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. మసక వాటిని పెద్దగా ఏమీ చేయలేదు. డిసెంబరు 13, 14 తేదీల జెమినిడ్ ఉల్కలకైతే రాత్రి పదకొండు నుంచి రెండు దాకా సరైన సమయం. మూడు దాటితే లోయ ఊళ్ళలో మంచు దిగుతుంది. ఆగస్టు పెర్సీడ్‌ల మీద ఆశ పెట్టుకోకండి, అవి మన శ్రావణ మేఘాల పైన రాలిపోతాయి.

ఫిబ్రవరి చివరినుంచి ఏప్రిల్ దాకా మరో కథ. ఇప్పపువ్వు రాలే రోజులు. పువ్వు ఏరుకోడానికి చెట్టు కింద ఎండుటాకులు కాలుస్తారు, కొండలమీద పోడు కాలుస్తారు. బతుకుతెరువు కోసం చేసే పని అది, మన సరదా కోసం ఆపమనలేం. రాత్రి కొండమీద ఎర్రటి గీతలు పాకుతూ కనిపిస్తే మూడు నాలుగు రోజులు మసక ఖాయమనుకుని గ్రహాలకి మారిపోండి. తెల్లవారుజామున పాలపుంత నడిబొడ్డు ఆగ్నేయంలో లేచే రోజులు కూడా ఇవే, అదే కాస్త బాధ.

మే నెలలో ఉక్క. ఆకాశం తెల్లబారి ఉంటుంది, సాయంత్రాలు ఈదురుగాలి, ఉరుము. కానీ ఒక మంచి వాన పడి వెలిసిన మర్నాడు చూడండి. త్రిశంకువూ, ఒమేగా సెంటారీ అనే చుక్కలగుత్తీ రాత్రి తొమ్మిదికీ పదికీ మధ్య దక్షిణాన నిలబడేది ఈ నెల నడుమనే. ఒమేగా సెంటారీ 23 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. శుభ్రమైన రాత్రి బైనాక్యులర్‌లో అది దూది ఉండలా ఉంటుంది. మసక రాత్రి, అక్కడుందని తెలిసినవాడికి కూడా కనిపించదు.

అన్నిట్లోకీ నా ఓటు సెప్టెంబరు ఆఖరి పదిరోజుల నుంచి నవంబరు మొదటివారం దాకా. నాలుగు నెలల వాన గాలిని కడిగి ఉంటుంది. నేల తడి వల్ల దుమ్ము లేవదు, వరి ఇంకా పచ్చిగానే ఉంటుంది కాబట్టి గడ్డి కాల్చడం మొదలవదు, చలి మూత ఇంకా బిగుసుకోదు. పొద్దుగూకిన వెంటనే నైరుతిలో ధనుస్సు వైపు పాలపుంత చిక్కగా ఉంటుంది, రాత్రి పదికి ఆండ్రోమెడా నెత్తికి దగ్గరగా వస్తుంది. పాతిక లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదాన్ని మామూలు కంటితో పెరట్లోంచి చూడొచ్చు. మబ్బు బెడద ఉంటుంది, నిజమే. పది రాత్రుల్లో ఆరు పోవచ్చు. మిగిలిన నాలుగూ చలికాలపు నలభైకి సమానం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా జిల్లాని ఛిద్రం చేసింది. కరెంటు లేదు, కొబ్బరితోటలు నేలకూలాయి. నాలుగైదు రోజుల తర్వాత ఒక రాత్రి నీళ్ళ బిందె కోసం డాబా ఎక్కి తలెత్తితే, పర్లాకిమిడి నడిబొడ్డున పాలపుంత. చుట్టూ అంత నష్టం ఉండగా సంబరపడటానికి సిగ్గేసింది. అయినా కాసేపు బిందె పక్కన పెట్టి చూశాను.

ఇదే కాలంలో దీపావళి అమావాస్య వస్తుంది. ఏడాదిలోకెల్లా మంచి చీకటిరాత్రి, బాణాసంచా పొగలో కలిసిపోతుంది. ఆ రాత్రి వదిలేయండి. తర్వాత కార్తీక సోమవారాల్లో ఉపవాసమున్న ఆడవాళ్ళు చుక్క చూసి గానీ భోంచేయరు కదా, మా ఇంట్లో గాలి ఎలా ఉందో ముందు చెప్పేది మా అమ్మే. "చుక్క కనబడ్డానికి ఇంతసేపేట్రా" అని విసుక్కున్న రోజున నేను టెలిస్కోపు తీయను.

ముందే ఎలా తెలుస్తుంది

ఫోన్‌లో వాతావరణం యాప్ మబ్బు గురించి చెబుతుంది, మసక గురించి అంతగా చెప్పదు. నేను సాయంత్రం కొండలవైపు చూస్తాను. మొదటి వరస వెనక రెండో వరస నీలంగా విడిగా కనిపిస్తే ఆ రాత్రి ఆశ ఉంది. రెండూ కలిసి ఒకే బూడిదముద్దలా ఉంటే లేదు. పగలు సూర్యుణ్ణి వాటర్ ట్యాంకు వెనక దాచి, సూర్యుడివైపు చూడకుండా, ట్యాంకు చుట్టూ ఆకాశం చూడండి. ట్యాంకు అంచుదాకా నీలంగా ఉంటే గాలి శుభ్రం. చుట్టూ తెల్లటి మెరుపు పరుచుకుని ఉంటే దుమ్ము.

చీకటి పడ్డాక ధ్రువుడే మీటరు. మన ఊళ్ళకి ఆయన ఉత్తరాన 19 డిగ్రీల ఎత్తులో, ఏడాది పొడుగునా, రాత్రంతా ఒకేచోట ఉంటాడు. చెయ్యి చాచి పిడికిలి మీద పిడికిలి పెడితే రెండు పిడికిళ్ళ ఎత్తు. మూడు గాలిపొరల్లోంచి కనిపిస్తాడు. కళ్ళు చీకటికి అలవాటుపడ్డాక వెతక్కుండానే కనిపిస్తే దక్షిణాన అగస్త్యుడి కోసం, ఒమేగా సెంటారీ కోసం వెళ్ళొచ్చు. వెతికితే కనిపిస్తే నెత్తిమీదివి చూసుకోవాలి. అసలు కనిపించకపోతే చంద్రుడో గ్రహమో, లేదా నిద్ర.

తేమకి ఇంకో గుర్తు. యాప్‌లో ఉష్ణోగ్రతా, డ్యూ పాయింటూ (గాలిలో తేమ మంచుబొట్లుగా మారే ఉష్ణోగ్రత) రెండు డిగ్రీల తేడాలోకి వచ్చాయంటే అద్దాల మీద మంచు పడుతుంది. మొదటి ఏడాది ఆ మంచుని తువ్వాలుతో తుడిచి లెన్సు మీద గీతలు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు నల్ల చార్టుపేపరు గొట్టంలా చుట్టి లెన్సు ముందు తొడుగుతున్నాను. అయినా పట్టేస్తే హెయిర్ డ్రయ్యర్ దూరంనుంచి.

ఇక కొనేది

ఇంతా తెలిశాక కొనడం తేలిక. మొదటిసారి కొనేవాళ్ళకి 10x50 బైనాక్యులరే, అంటే పది రెట్లు పెద్దగా చూపేది, ముందు లెన్సు 50 ఎంఎం వెడల్పుది. చెయ్యి వణికేవాళ్ళకి 7x50. వాన వెలిసిన గంట ఆకాశం విప్పారితే నిమిషంలో బయటికి తీసి చూడొచ్చు, మన కాలాలకి అదే పనికొస్తుంది. ఎక్కువగా గ్రహాలూ చంద్రుడూ చూసేవాళ్ళు, పట్నం డాబా మీద ఉండేవాళ్ళు 70 ఎంఎం రిఫ్రాక్టర్ (ముందు లెన్సు ఉండే టెలిస్కోపు) తీసుకోవచ్చు. పల్లెలో కళ్ళం దాకా మోసుకెళ్ళే ఓపిక ఉంటే 130 ఎంఎం, అంతకు పైబడిన రిఫ్లెక్టర్ (లెన్సు బదులు గొట్టం అడుగున అద్దం ఉండేది). దాని అద్దం బయటి చలికి అలవాటుపడటానికి అరగంటైనా ముందు బయట పెట్టాలి. పెట్టె మీద 525 రెట్లు అని రాసినదాన్ని నేనూ ఒకసారి ఆన్‌లైన్‌లో కొన్నాను, అమ్మినవాడు తర్వాత ఫోనే ఎత్తలేదు. లెన్సు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు దాకానే పనికొచ్చే పవరు. మన గాలిలో చాలా రాత్రులు వంద దాటితే చంద్రుడు కూడా ఉడికిపోతాడు.

ఏదీ కొనకపోయినా మునిగిపోయేదేం లేదు. మన ఒడిశాలోనే ఖండపడాకి చెందిన సామంత చంద్రశేఖర్ (1835–1904) వెదురుతో, కర్రతో చేసుకున్న సాధనాలతో గ్రహగతులు కొలిచి సిద్ధాంత దర్పణం రాశాడు. అది 1899లో అచ్చయింది. టెలిస్కోపు మీద ఆధారపడని పని అదంతా.

మా బావమరిదితో ఈసారి ఒప్పందం కుదిరింది. సంక్రాంతికి కాదు, దసరా వెళ్ళిన తర్వాతి అమావాస్య వారంలో వెళుతున్నాను, దీపావళి రాత్రికి ముందు రెండు రోజులు. పెరట్లో కాదు, ఊరవతల వాళ్ళ పెదనాన్నగారి కళ్ళంలో. "మరి భోజనమెలాగ బావా, అక్కడికే తెమ్మంటావా" అన్నాడు. తెమ్మన్నాను, కాకపోతే అక్కడ పొయ్యి వెలిగించకూడదని చెప్పాను.